ఓడపెట్టె లోంచి నా ఉపన్యాసం

ఆ రోజుల్లో దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్నను మా నర్సీపట్నంలో మేం అయిదుగురు కుర్రాళ్ళం ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెట్టి ఆరింటికల్లా తేల్చేసేవాళ్ళం. (ఆరు దాటితే ఆ గది టైపు నేర్చుకునేవాళ్ళకి కావాలి.) డిగ్రీ చేతికి వచ్చి ఉద్యోగం రాని వయసు. ఎనభైలు మొదలైన కాలం. లోకంలో ఉన్న చీకటంతా నేను నోరు తెరిస్తే పోతుందని నాకు గట్టి నమ్మకం. శివరాత్రికి బలిఘట్టం గుడికి వెళ్ళే జనానికి దారిలో నిలబడి మూఢనమ్మకాలను ఉతికి ఆరేసిన కరపత్రాలు పంచాను. ఒకావిడ తనకిచ్చిన కరపత్రాన్ని కళ్ళకద్దుకుని భద్రంగా కొంగున ముడేసుకుంది. అయినా నేను నిరుత్సాహపడలేదు. నిరుత్సాహపడటానికి కాస్త వివేకం కావాలి, అది నాకు అప్పటికి ఇంకా రాలేదు.

మా మావయ్యకి మాకవరపాలెం దాటాక జీడితోట ఉండేది. జీడిపిక్కలు రాలే కాలంలో వాటిని ఎండబెట్టి, గోనెసంచుల్లో నింపి, వర్తకుడు వచ్చేదాకా తోటలోనే తాటాకు పాకలో దాచేవాళ్ళు. వరసగా రెండేళ్ళు దొంగలు పాక వెనక తాటాకు కోసి బస్తాలు మోసుకుపోయారు. రెండుసార్లూ కాపలా ఉన్నది ఒకే తాత. ఊళ్ళో అతన్ని నిద్ర తాత అని పిలవడం మొదలుపెట్టారు. ఆ మాట అతనికి అన్నం సహించనివ్వలేదు. అప్పటినుంచి తెరిచి ఉన్న తలుపు ఏది కనబడినా, అది తనదైనా కాకపోయినా, వెళ్ళి మూసి గొళ్ళెం పెట్టేవాడు. మావయ్య మాత్రం తాతని మార్చకుండా పాకనే మార్చాడు. విశాఖ రేవులో పనికిరాదని వేలం వేసిన ఓడపెట్టె ఒకటి పాడుకున్నాడు. ఇప్పుడు కంటైనరు అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు గానీ, అప్పటికి మా వైపు అలాంటి వస్తువు ఎవరూ చూసి ఉండలేదు. లారీ మీద అది మాకవరపాలెం దారిలో వస్తుంటే జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి చూశారు. తాటి దుంగలు పరిచి, మోకులు కట్టి, పాతికమంది ఐసా అంటూ ఒక పూటంతా లాగితే అది తోటలో రాళ్ళ దిమ్మెల మీద కూర్చుంది. ఇరవై అడుగుల పొడవు, మడతలు మడతలుగా ఇనుప గోడలు, రెండు రెక్కల తలుపు, రెక్కలకి నిలువునా లావుపాటి కడ్డీలు. పిడి తిప్పి చీల దించితే ఏనుగు గుద్దినా తెరుచుకోదు. లోపలినుంచి తెరిచే ఏర్పాటు లేదు. సరుకుకి బయటికి రావాలన్న కోరిక ఉండదు కదా.

దొంగల బెడద తీరింది. కొత్త బెడద పట్టుకుంది. పెట్టె మాట్లాడటం మొదలుపెట్టింది. ఎండెక్కుతున్నకొద్దీ లోపలినుంచి ఎవరో గుద్దినట్టు ధన్, ధన్ అని చప్పుళ్ళు. గాలి వీచినప్పుడు సన్నగా మూలుగు. తెల్లారి తలుపు తీస్తే లోపల పైకప్పు నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు. పిక్కలు ఏరే కూలీలు మూడురోజులు చూశారు. నాలుగో రోజు సగంమంది రాలేదు. "ఓడలో సచ్చిపోయినోడెవడో అందులో ఉండిపోయినాడు. పగలు గుద్దుతన్నాడు, రేతిరి ఏడుత్తన్నాడు" అన్నది వాళ్ళ తీర్మానం. చెట్ల కింద పళ్ళు రాలి కుళ్ళిపోతున్నాయి. మావయ్య మా ఇంటికి వచ్చి, బడిలో మాష్టారైన మా నాన్నతో మాట్లాడుతూ నా వైపు తిరిగాడు. "ఏరా, ఊరందరికీ లెక్చర్లు దంచుతావు కదా. బేగి వచ్చి మా తోటలో ఒకటి దంచు. నీ సదువు నాకూ పనికొస్తుందేమో సూద్దాం." నా జీవితంలో నన్ను ఉపన్యాసానికి ఒకరు పిలవడం అదే మొదలు. అంతవరకూ నేనే వెళ్ళేవాణ్ణి.

వెళ్ళాను. గర్వంగా చెబుతున్నాను, ఆ ఉపన్యాసం బాగా కుదిరింది. "బండి చక్రానికి ఇనుప పట్టా ఎలా ఎక్కిస్తారు?" అని అడిగాను. కాపలా తాత వయసులో బండి తోలినవాడు. "కాల్చి ఎక్కిత్తారు బాబూ. కాలితే సాగుతాది, సల్లారితే బిగుత్తాది" అన్నాడు. "అదే తాతా! ఈ గోడలు ఎండకి సాగుతున్నాయి. సాగి సాగి ఒక్కసారి చప్పుడు చేస్తున్నాయి. అంతే!" అన్నాను. మూలుగు ఏమిటంటే, తలుపు పక్క గోడ పైమూల జల్లెడలాంటి చిల్లులున్నాయి, వాటిలోంచి గాలి దూరితే మనిషి గొంతులాగే ఉంటుంది, కానీ మనిషి కాదు. ఏడుపేమిటంటే, పిక్కల్లోని తడి పైకి లేచి చల్లటి ఇనుముకి తగిలి నీరవుతోంది, పిక్కలు ఇంకో రోజు ఎండబెట్టండి. తాత నోరు తెరుచుకుని విన్నాడు. ఆ మొహంలో వెలుగు చూసి నా కళ్ళు చెమర్చాయి. నా మొదటి శిష్యుడు! మర్నాటినుంచి కూలీలకి నా ఉపన్యాసం తాతే చెప్పడం మొదలుపెట్టాడు. "మళ్ళీ గుద్దితే?" అని ఎవరైనా అంటే "ఎంత గుద్దితే ఏటి? పట్టించుకోకండి. ఇనుం" అనేవాడు. కూలీలు తిరిగి వచ్చారు. మావయ్య నన్ను తూకం చూసుకోవడానికి తోటలోనే ఉంచేశాడు.

లొంగనిది ఒక్కతే. పిక్కలు వలవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు కాబట్టి అందరూ పిక్కలప్ప అనేవాళ్ళు. మా వైపు అక్కని అప్ప అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆమె పెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, రోజూ మధ్యాహ్నం ఒక మందారం పెట్టి పెట్టెతల్లీ అని దండం పెట్టేది. నేను తుడిచేసేవాణ్ణి. ఆమె మళ్ళీ పెట్టేది. 

"అప్పా, ఇనుముకి బొట్టేమిటి?" 

"నీ సైకిలుకి నూనె ఎయ్యవేటి బాబూ? ఇదీ అలగే." 

"నూనె వేస్తే చక్రం తిరుగుతుంది. బొట్టు పెడితే ఏం తిరుగుతుంది?" 

"నా బయం తిరిగి ఎనక్కెల్తాది. నీకేటి నట్టం?" 

"చప్పుడు ఎందుకొస్తుందో చెప్పాను కదా. నిజం కాదా?" 

"నిజవే కావచ్చు. అన్ని సప్పుల్లూ ఇనుందే అవుతాయేటి?" 

ఆ చివరి ప్రశ్నకి నేను నవ్వేశాను. జవాబు లేనప్పుడు నవ్వేసే అలవాటు మా ఆదివారం చర్చల్లో అందరికీ ఉండేది.

అసలు రోజు ఒక ఆదివారం. ఆ సాయంత్రం మా గదిలో మూఢనమ్మకాల మీద నా ఉపన్యాసం. మావయ్య వర్తకుడితో మాట్లాడటానికి విశాఖ వెళ్ళాడు, మర్నాటికిగానీ రాడు. నేను పది గంటలకి అందరికీ చెప్పి సైకిలెక్కాను. సగం దారి పోయాక గుర్తుకొచ్చింది. పిక్కలప్ప పెట్టె లోపల, బస్తాల వెనక, బొట్టు పెట్టిన నిమ్మకాయ ఒకటి దాచిందని ఎవరో చెప్పారు. దాన్ని సభలో పైకెత్తి చూపిస్తే! వట్టి మాటలకన్నా ఒక సాక్ష్యం ఎంత బలం! సైకిలు వెనక్కి తిప్పాను. నేను తోటకి వచ్చేసరికి కూలీలు భోజనాలకి చెట్ల కిందికి పోయారు. నిమ్మకాయ కోసం తిరిగి వచ్చానని తెలిస్తే అప్పతో మళ్ళీ వాదన అవుతుందని, సైకిలు పెట్టె వెనక పొదల్లోకి తోసి, తెరిచి ఉన్న తలుపులోంచి చడీచప్పుడూ లేకుండా లోపలికి పోయాను. (తర్కం తెలిసినవాడు దొంగలాగ దూరాడన్నమాట.) బస్తాలు తలెత్తు దాకా ఉన్నాయి. వాటి మీదుగా పాకి అటు చివర ఖాళీలోకి దిగి, వంగి తడుముతున్నాను. నిమ్మకాయ చేతికి తగిలింది. సరిగ్గా అప్పుడే వెలుతురు పోయింది. తలుపు రెక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పిడులు తిరిగాయి. చీల దిగింది. తెరిచి ఉన్న తలుపు తాతకి కనబడింది.

మొదట నవ్వొచ్చింది. "తాతా! నేను లోపలున్నాను!" అని అరిచాను. ఆ అరుపు నాలుగు గోడలకీ తగిలి నా చెవుల్లోకే వచ్చింది. తలుపుకి చుట్టూ దళసరి రబ్బరు, మాట బయటికి పోదు. బస్తాల మీదుగా మళ్ళీ పాకి తలుపు దగ్గరికి వచ్చి పిడికిళ్ళతో గుద్దాను. చెప్పు తీసి గుద్దాను. బస్తాలు లాగే కొక్కెం దొరికితే దానితో శక్తికొద్దీ గుద్దాను. ధన్, ధన్, ధన్. గుద్దుతూనే ఉండగా, ఆ చప్పుడు నాకు ఎక్కడో బాగా తెలిసిన చప్పుడులా వినిపించింది. చెయ్యి గాలిలో ఆగిపోయింది. తోటలో ఆ చప్పుడు విని పరుగెత్తుకు రావలసిన ప్రతి మనిషికీ, అది పట్టించుకోవలసింది కాదని నేనే నేర్పాను.

అప్పుడు భయం వేసింది. మావయ్య రేపటికిగానీ రాడు. తోటలో వాళ్ళకి నేను టౌన్లో ఉన్నాను. టౌన్లో వాళ్ళకి నేను తోటలో ఉన్నాను. నేను ఎక్కడున్నానో తెలిసింది నాకూ, నిమ్మకాయకీ. ఏప్రిల్ ఎండ నెత్తి మీదికి వస్తోంది. గోడ మీద చెయ్యి పెడితే కాలుతోంది. పిక్కల బస్తాల ఘాటు గొంతులో పట్టుకుంటోంది. చొక్కా తడిసి ముద్దయింది. కాసేపటికి చెమట పట్టడం కూడా తగ్గుతున్నట్టనిపించి, అది మంచి లక్షణం కాదని ఎక్కడో చదివింది గుర్తొచ్చింది. చదువు కొన్నిసార్లు మనిషిని ప్రశాంతంగా ఉండనివ్వదు. పైమూల చిల్లులు గుర్తొచ్చాయి. బస్తా మీద బస్తా లాగి, ఎక్కి, మొహం అక్కడ ఆనించాను. సన్నగా గాలి వచ్చింది. మాటలు కూడా వినబడ్డాయి.

తాత పెట్టె నీడలోనే కూర్చుని చోడి అంబలి తాగుతున్నాడు. కొయ్యూరు కొండల వైపు నుంచి విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపులతో దిగివచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నీడకి ఆగినట్టున్నారు. నేను చిల్లుల్లో నోరు పెట్టి "తాతా!" అని అరిచాను. గొంతు ఎండిపోయి అది మాటలాగ కాక మూలుగులాగ పోయింది. "ఓలమ్మ! లోపల మనిసున్నాడు!" అంది ఒకావిడ. నా ప్రాణం లేచొచ్చింది. "మనిసి కాదమ్మా" అన్నాడు తాత, ఎంతో ఓపికగా. "అది గాలి. సిల్లుల్లోంచి దూరితే మనిసి గొంతులాగే ఉంటాది. మా బాబు సెప్పినాడు." నేను కొక్కెంతో గోడ మీద దడదడ బాదాను. "మరదేటి?" "ఇనుం. ఎండకి సాగుతాది. బండి సక్రం పట్టా నేదా, అలాగ." "ఇనుం మనిసిలాగ మూలుగుతాదేటి తాతా?" "మీకు సదువు నేదు, అందుకే బయం. నాకూ అలగే ఉండేది." ఒక్క తప్పు లేదు. ఒక్క మాట వదల్లేదు. నా శిష్యుడు నా పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతున్నాడు, లోపల నేను చస్తున్నాను. వాళ్ళు మోపులెత్తుకుని వెళ్ళిపోయారు. తాత గిన్నె కడుక్కుని, గేదెకి నీళ్ళు పెట్టి సాయంత్రానికి వస్తానని ఎవరికో కేకేసి, తనూ వెళ్ళిపోయాడు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. బస్తాల మీద పడి ఉన్నాను. నాలుక పిడచగట్టుకుపోయింది. చేతిలో ఇంకా నిమ్మకాయ ఉంది. దాన్ని సభలో ఎలా పైకెత్తాలో, ఏ మాటతో నేలకేసి కొట్టాలో దారిలో అభ్యాసం కూడా చేసుకున్నాను. కొరికాను. బొట్టుతో సహా పీల్చాను. పాఠకులారా, ఇన్నేళ్ళలో అంత మంచి వస్తువు నా నోట్లో పడలేదు.

ఆ పులుపుకి కాస్త ప్రాణం వచ్చి చిల్లుల దగ్గరికి పాకాను. గాజుల చప్పుడు. మందారం పెట్టే వేళ! 

"తల్లీ, ఏటి ఇయ్యాల అంతలాగ గింజుకుంటన్నావు?" అంది పిక్కలప్ప, పెట్టెతో. 

"అప్పా! నేను!" 

గాజులు ఆగిపోయాయి. "ఎవులు?" 

"నేనే! మాష్టారి అబ్బాయిని! తలుపు తియ్యి!" 

"బాబు పొద్దున్నే టౌనెల్లిపోయినాడు. నా కల్లతో సూసినాను. దెయ్యాలు తెలిసినోల గొంతుతోనే పిలుత్తాయి. నాను పలకను." 

"అప్పా!" 

"రెండు సార్లయినాది. దెయ్యం మూడోసారి పిలవనేదు." 

"అప్పా!" అన్నాను వెంటనే. 

"ఓలమ్మ, లెక్కలొచ్చిన దెయ్యంలాగున్నాదే ఇది" అంది తనలో తను.

అప్పుడు జరిగింది నేను ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. కళ్ళు తిరుగుతున్నాయి. చిన్నప్పుడు జ్వరం వస్తే మా అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి అనే మాట, మా అమ్మ గొంతుతోనే, నా నోట్లోంచి వచ్చేసింది. "సింహాద్రప్పన్నా! కాపాడు తండ్రీ!" దేవుడు లేడని ప్రతి ఆదివారం తేల్చిన నోరు అది. ఆ పేరు వింటే ఆమె కరిగిపోయి తలుపు తీస్తుందనుకున్నాను. ఆమె కెవ్వుమంది. "బాబోయ్! ఇది దెయ్యవే! మా బాబైతే పేణం పోయినా అప్పన్న పేరెత్తడు!" ఎండుటాకుల మీద పరుగు. దూరమవుతోంది. 

నాకున్న ఒక్క ఆశ అలా కాళ్ళొచ్చి పోతుంటే ఏడుపు రాలేదు, ఒళ్ళు మండే కోపం వచ్చింది. చిల్లుల్లో మొహం రుద్దుకుపోయేలా ఆనించి, మిగిలిన గొంతంతా పెట్టి అరిచాను. "దెయ్యాలు లేవు! ఎన్నిసార్లు చెప్పాలి మీకు! చచ్చినవాడు గుద్దడానికి చెయ్యేది? పిలవడానికి గొంతేది? దెయ్యాన్ని చూసినవాణ్ణి ఒక్కణ్ణి తీసుకురండి నా ముందుకి! సిగ్గులేదూ! ఇరవయ్యో శతాబ్దంలో నిమ్మకాయలేమిటి, బొట్లేమిటి!" 

పరుగు ఆగింది. నేనూ ఆగాను, ఊపిరి లేక. ఎండుటాకులు మెల్లగా ఇటువైపు చప్పుడు చేశాయి. 

"దెయ్యమైతే దెయ్యాల్లేవని ఎందుకు సెప్తాది?" అంది ఆమె, మరెవరితోనో తర్కిస్తున్నట్టు. "దాని బతుకు అదే తీసేసుకుంటాదేటి? ఇంత సావు ముంచుకొచ్చినా తిట్టేది మా బాబొక్కడే." 

చీల లేచింది. పిడి కిర్రుమంది. వెలుతురు మొహాన కొట్టింది. నేను బస్తా మీంచి జారి ఆమె కాళ్ళ దగ్గర పడ్డాను.

ఆమె కుండెడు నీళ్ళు నా నెత్తిన గుమ్మరించి, మరో ముంత నోట్లో పోసింది. తరవాత నా మొహం వంక చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూతినిండా కుంకుమ, చేతిలో నిమ్మతొక్క. "తల్లి నిమ్మకాయ తినేసినావా బాబూ?" అంది. నేను తలూపాను. "తింటే తిన్నావులే. దానికీ నీకే కావాలనుండి ఉంటాది." జవాబు చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. (ఓడిపోయానని కాదు. ఓపిక లేక.) సాయంత్రం తాత వచ్చి సంగతి విని తల బాదుకుని ఏడ్చాడు. "మరి ఇనుం అని నువ్వే కద బాబూ సెప్పినావు! పట్టించుకోకండని నువ్వే కద!" తాతకి నేను నేర్పింది వెతకడం కాదు. అతని దగ్గరున్న ఒక జవాబు తీసుకుని నా జవాబు ఒకటి ఇచ్చాను, రెండిటికీ అతను ఒకేలాగ దండం పెట్టాడు. ఆ తోటలో సొంతంగా ఆలోచించింది నేను లొంగదీయలేకపోయిన మనిషి ఒక్కతే. సభకి ఒంట్లో బాగులేదని కబురు పంపాను. వెళ్ళేముందు అప్ప పక్కకి పిలిచి, "ఆ పేరెత్తినావని నాను ఎవులికీ సెప్పనులే" అంది. చెప్పలేదు కూడా. ఆమె పోయింది. ఇవాళ నేనే చెబుతున్నాను.

మొన్నామధ్య ఆ తోటకి వెళ్ళాను. పెట్టె ఇంకా ఉంది, తుప్పు పట్టి, మందుల డబ్బాలూ పాత మోటార్లూ దాచుకోవడానికి పనికొస్తోంది. తలుపు మీద బొట్టు కూడా ఉంది, కొత్తది. ఎవరు పెడుతున్నారో అడగలేదు, తుడవనూ లేదు. మావయ్య కొడుకు తలుపు మూయబోతుంటే "ఆగు" అని, ఆ చీకట్లోకి తల పెట్టి "ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడిగాను. వాడు విరగబడి నవ్వాడు. 

"ఏటి బావా, ముసిలితనంలో దెయ్యాలున్నాయని నమ్మేత్తన్నావేటి?" 

"లేవురా" అన్నాను. "లేవు గనకే అడుగుతున్నాను."